సాలూరు ఘాటీ నుంచి మహేంద్రగిరి దాకా: తూర్పు కనుమల్లో తొమ్మిది రోజులు

నాగావళి ఒడ్డు (రాయగడ), శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగింది రాయగడలోనే. కిటికీ తీస్తే కొండ, డాబా ఎక్కితే కొండ. అయినా నలభై రెండేళ్ళు వచ్చేదాకా ఈ కొండలు ఎక్కడ మొదలవుతాయో, లోపల ఏముందో చూడాలన్న ఆలోచనే రాలేదు. దీపావళి వెళ్ళాక బండి తీసి బయల్దేరాను. పార్వతీపురం మీదుగా మైదానంలోకి దిగి, సాలూరు నుంచి మళ్ళీ ఎక్కాను. కావాలనే ఆ చుట్టుదారి. మా ముత్తాత సాలూరు నుంచి జయపురానికి ఉప్పు బళ్ళు తోలేవారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన వెళ్ళిన దారినే వెళ్ళాలని నా కోరిక.

సాలూరులో వేగావతి ఒడ్డున నిలబడి చూస్తే పడమటి దిక్కంతా నీలం రంగు గోడ కట్టినట్టు ఉంటుంది. పి.కోనవలస దాటి ఘాటీ, అంటే కొండదారి, మొదలయ్యాక ఆ గోడ మడతలు మడతలుగా విడిపోతుంది. సుంకికి వచ్చేసరికి నా చెవులు మూసుకుపోయాయి, చలి పట్టుకుంది. పొట్టంగి వచ్చాక ఇంక దిగుడు మొదలవుతుందని ఎదురు చూశాను. దిగుడు రాలేదు. రోడ్డు చదునైపోయింది. పైన ఊళ్ళు, మడులు, సంతలు, కనుచూపు మేరా వలిసె పూల పసుపు. ఎక్కింది ఒక కొండ అనుకున్నాను, అది ఒక దేశానికి గడప.

తర్వాత మ్యాపు చూసుకుంటే అర్థమైంది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి జయపురానికి దిగితే 650 చిల్లర. ఇంకా దిగితే మల్కనగిరి, 200 లోపే. పాత రికార్డుల్లో వీటిని మూడు వేల అడుగుల పీఠభూమి, రెండు వేల అడుగుల పీఠభూమి అని రాసేవారట. మూడు పెద్ద మెట్లు. ఒక్కో మెట్టు మీద పంట వేరు, గాలి వేరు, మనుషుల మాట వేరు.

సెమిలిగుడ దాటాక ఒక చోట బండి ఆపాను. రెండు గుట్టల మధ్య వాగు. కానీ వాగు కనిపించదు. దాని కడుపునంతా మెట్లు మెట్లుగా చదును చేసి వరి వేశారు. వాటిని జోలా మడులంటారు. పై మడి నిండి కిందకి, అది నిండి ఇంకా కిందకి నీళ్ళు జారుతున్నాయి. ఒక ముసలమ్మ, ముక్కుకి రెండు వైపులా నత్తులు, గట్టు తెగిన చోట బురద తెచ్చి వేసి మడమతో తొక్కుతోంది. తొక్కడం, ఆగి చెవి పెట్టి వినడం, మళ్ళీ తొక్కడం. ఏమిటి వింటున్నావమ్మా అని నాకొచ్చిన దేశియాలో అడిగాను. నీళ్ళు లోపల ఎక్కడ పోతున్నాయో చప్పుడు చెబుతుందట. నేను కూడా వంగి విన్నాను. నాకు ఒకటే గలగల వినిపించింది. ఆవిడకి అందులో తేడా తెలుస్తోంది.

దేవ్‌మాలి మీదకి తెల్లవారుజామున ఎక్కాను. ఎత్తు 1672 మీటర్లు. ఇక్కడే నా సందేహం. చిన్నప్పుడు తూర్పు కనుమల్లో ఎత్తైనది మహేంద్రగిరి అని బట్టీ పట్టాం. అది 1501 మీటర్లేగా? తెలిసినవాళ్ళు చెప్పండి. మిగతా రోజుల సంగతి రేపు రాస్తాను.

జయపురం మాస్టారు, శనివారం రాత్రి 10:25

బాబూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆ ముసలమ్మ చప్పుడు వినడం రాశారు చూడండి, అది ఇక్కడి సేద్యానికి ప్రాణం. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. ఆ గుర్తింపు నిజానికి అలాంటి మడమలకి దక్కింది.

ఇక మీ సందేహం. మహేంద్రగిరి ఎత్తైనది అన్నది పాత పాఠ్యపుస్తకాల మాట. సముద్రం వైపు నుంచి చూస్తే అది ఒంటరిగా, నిటారుగా కనిపిస్తుంది, పేరు కూడా పురాణకాలం నుంచి ఉంది, అందుకే ఆ మాట నిలిచిపోయి ఉంటుందని నా అభిప్రాయం. ఒడిశాలో ఎత్తైనది దేవ్‌మాలి. మొత్తం తూర్పు కనుమల్లో అయితే అల్లూరి సీతారామరాజు జిల్లాలో, మాడుగుల అడవుల వైపు ఉన్న అర్మకొండ దాన్ని మించుతుంది, 1680 మీటర్లు. సీతమ్మకొండ అని కూడా అంటారు.

నేను జియాలజీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఒక మాట. ఎత్తు కొలిచి ఈ కొండల్ని అంచనా వేయకండి. వీటి గొప్పతనం వయసులో ఉంది. హిమాలయం పుట్టుక ఓ ఐదు కోట్ల ఏళ్ళ కిందటి సంగతి. మన రాళ్ళు ఇప్పుడున్న రూపానికి వచ్చింది దాదాపు వంద కోట్ల ఏళ్ళ కిందట, భూమి లోపల పాతిక ముప్పై కిలోమీటర్ల లోతులో, విపరీతమైన వేడిలో. పైన ఉన్న పర్వతం అంతా వానకీ గాలికీ అరిగి సముద్రంలో కలిసిపోయాక, లోపలి వేళ్ళు బయటపడ్డాయి. మీరు బండి నడిపింది ఒక మహాపర్వతపు వేళ్ళ మీద. అప్పట్లో ఈ నేల అంటార్కిటికాకి అతుక్కుని ఉండేది. అక్కడ మంచు కింద ఇవే రాళ్ళున్నాయి. ఓ పదమూడు కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాం.

ఘాటీలో రోడ్డు కోసిన చోట ఎర్రగా, మెత్తబడి, మధ్యలో కెంపు చుక్కలు మెరిసే రాయి కనిపించిందా? అది ఖోండలైట్. ఇక్కడి కోందు గిరిజనుల పేరే పెట్టారు. కోణార్క గుడి కట్టింది దానితోనే. పక్కనే నీలంగా, గట్టిగా ఉండేది చార్నోకైట్.

ఘాటీ డ్రైవర్ (సెమిలిగుడ), ఆదివారం ఉదయం 6:40

అన్నా, నేను ఇరవై రెండేళ్ళుగా విశాఖ–జయపురం లైన్లో లారీ తోలుతున్నాను. మీరు చెప్పిన కెంపు చుక్కల రాయి సుంకి పైన రెండో మలుపు దగ్గర బాగా కనిపిస్తుంది మాస్టారూ. వానాకాలంలో మాకు భయం దాంతోనే. పైన గట్టిగా ఉన్నట్టుంటుంది, లోపల సున్నపు పిండిలా పొడి. నాలుగు రోజులు ముసురు పడితే మట్టితో సహా రోడ్డు మీదకి వస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఒకటి చెబుతున్నా, తేలిగ్గా తీసుకోకండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో దిగి డీజిల్ మిగిల్చుకుందాం అనుకున్నవాళ్ళ బళ్ళు లోయలో చూశాను.

ఉప్పు బళ్ళ సంగతి మా ఊళ్ళో పెద్దవాళ్ళు కూడా చెబుతారు. బళ్ళకంటే ముందు బ్రింజారీలు, అంటే మన లంబాడీలు, ఎద్దుల వీపు మీద ఉప్పు బస్తాలు వేసుకుని మందలు మందలుగా ఎక్కేవారట, బస్తర్ దాకా. దిగేటప్పుడు చింతపండు, పసుపు, కొండ సరుకు. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను, లారీలో.

నాగావళి ఒడ్డు (రాయగడ), ఆదివారం రాత్రి 8:30

మాస్టారూ, మీకు పాదాభివందనం. ఆ రాయి ముక్క ఒకటి నా జేబులో ఉంది! ఏ రాయో తెలియకుండానే అందంగా ఉందని ఏరుకున్నాను. ఇందాక కడిగి దీపం కింద పెట్టి చూశాను. దానిమ్మ గింజల్లాంటివి ఏడు లెక్కపెట్టాను. మధ్యలో పెన్సిల్ మొనలాంటి నల్ల పొర, వేలితో రుద్దితే అంటుకుంటోంది.

డ్రైవరన్నా, మీలాంటి ఒకాయనే నన్ను కాపాడారు. నందపురం దారిలో నా బండి క్లచ్ వైరు తెగింది. చీకటి పడుతోంది, సిగ్నల్ లేదు, బాగా టెన్షన్ పడ్డాను. ఒక లారీ ఆయన ఆపి, తన దగ్గరున్న ఇనుప తీగతో ముడి వేసి, ఊరు దాకా నా వెనకే లైటు వేసుకుంటూ వచ్చారు. డబ్బు తీసుకోలేదు.

నందపురంలో 32 మెట్ల సింహాసనం చూశాను. జయపురం కంటే ముందు రాజధాని అది. 17వ శతాబ్దంలో రాజులు జయపురానికి దిగిపోయారు. అంటే రాజ్యం కూడా ఒక మెట్టు కిందకి దిగిందన్నమాట. పై మెట్టు మీద దాక్కోవడానికి బాగుంటుంది, కింది మెట్టు మీద వరి బాగా పండుతుంది. నాకు తోచిన కారణం ఇది, చరిత్ర చదివినవాళ్ళు సరిదిద్దండి.

జయపురం నుంచి గుప్తేశ్వరం వెళ్ళాను. కొలాబు ఒడ్డున సున్నపురాతి గుహ, లోపల పెద్ద లింగం. అక్కడి నుంచి ఆ నీళ్ళే శబరిగా మారి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. గోదావరి స్నానానికి రాజమండ్రి దాకా వెళ్ళే మనకి, అందులో ఒక పాయ కోరాపుట్ కొండల్లో పుట్టిందని ఎవరూ చెప్పలేదు.

మాచ్‌ఖండ్ లైను (ఒనకడిల్లి), ఆదివారం రాత్రి 9:05

మెట్ల సంగతి ఎత్తారు కాబట్టి. నది ఒక మెట్టు మీద నుంచి ఇంకో మెట్టుకి దూకే చోటే కరెంటు పుడుతుంది. మాచ్‌ఖండ్ నది డుడుమా దగ్గర అలాగే దూకుతుంది. ఆ పతనాన్ని పట్టుకుని ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టిన పవర్‌హౌస్ 1955లో మొదలైంది. అదే నది కిందకి వెళ్ళి సీలేరు అవుతుంది. కొలాబు మీద కూడా ఇదే సూత్రం. మా నాన్నగారు ఇక్కడ పని చేసేటప్పుడు వించిలో, అంటే తాడుతో లాగే ట్రాలీలో, కిందకి దిగేవారు. జలాపుట్ డ్యామ్ కింద మునిగిన ఊళ్ళ వాళ్ళు ఇప్పటికీ నీళ్ళు తగ్గిన వేసవిలో పాత మామిడి చెట్ల చోటు చూపిస్తుంటారు. అది కూడా రాసుకోండి.

దామంజోడి కుర్రాడు, ఆదివారం రాత్రి 11:20

నేను కొంచెం వేరే మాట చెప్పాలి. నాకు కోపం లేదు, కానీ ఇలాంటి చర్చల్లో కొండ అందం గురించి అందరూ రాస్తారు, కొండ మీద బతుకు గురించి తక్కువ. పంచపట్మాలి మీద 1980ల మధ్య నుంచి బాక్సైట్ తవ్వుతున్నారు. మా నాన్న అల్యూమినా కర్మాగారంలో పని చేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం జిల్లాలో ఎకరం మెట్ట భూమితో వచ్చిన మనిషి, ముగ్గురు పిల్లల్ని ఇంజనీర్లని చేశారు. మాలి అంటేనే ఇక్కడ పైన బల్లపరుపుగా ఉండే కొండ. దేవ్‌మాలి, పంచపట్మాలి, కొడింగామాలి, బాఫ్లిమాలి. చాలావాటికి పైన టోపీలా బాక్సైట్ ఉంటుంది. దేశానికి అల్యూమినియం కావాలి కదా?

గుణుపురం గౌరి, సోమవారం ఉదయం 7:15

తమ్ముడూ, మీ నాన్నగారి కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ టోపీ ఏం పని చేస్తుందో కూడా చెప్పుకోవాలి. బాక్సైట్ రాయి బెజ్జాల రాయి. నాలుగు నెలల వానని తాగేస్తుంది. కింద జిగట మట్టి, దాని కింద గట్టి రాయి తగిలేసరికి నీరు పక్కలకి ఊటగా వస్తుంది, వేసవిలో కూడా. ఆ ఊటలే జోలా మడులు, ఆ ఊటలే నదులు. మన నాగావళి పుట్టింది కలహండి కొండల్లో. మన వంశధార పుట్టింది నియంగిరి చుట్టుపక్కల. శ్రీకాకుళంలో నారు పోసేవాళ్ళు, నరసన్నపేటలో కుళాయి తిప్పేవాళ్ళు తాగేది ఈ కొండల మీద ఆగిన వానే.

నియంగిరిలో డోంగ్రియా కోందులు ఈ మాటే తమ భాషలో అన్నారు. కొండ మా నియమరాజు అన్నారు. అక్కడ బాక్సైట్ గని తవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలింది. పన్నెండు ఊళ్ళలో సభలు పెడితే పన్నెండూ గని వద్దన్నాయి. అప్పుడు నేను కొత్తగా టీచరుగా చేరాను. మా బడి పిల్లల ఊళ్ళలో పండగలా ఉండింది.

ఇంకో సంగతి, తెలుగువాళ్ళం కాబట్టి మనకి తెలియాల్సింది. కోందుల కువి భాషలో ఇంటిని ఇల్లు అనే అంటారు. కంటిని కన్ను. ఒక పిల్లాడు మొదటి రోజు బడిలో తల పట్టుకుని కన్ను, కన్ను అంటే తెలుగు వచ్చేమో అనుకున్నాను. కంట్లో నలుసు పడింది వాడికి, వాడి భాషలోనే చెబుతున్నాడు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి లెక్కన తెలుగు, గోండి, కువి, కొండదొరల కొండ భాష, ఇవన్నీ ఒకే కొమ్మ. తమిళ, కన్నడాలది పక్క కొమ్మ. మనం అడవి భాష అని తీసి పారేసింది మన అక్కచెల్లెళ్ళ భాష. నాకు ఆ రోజు నుంచి ఆ పిల్లల ముందు నిలబడే తీరే మారిపోయింది.

దామంజోడి కుర్రాడు, సోమవారం మధ్యాహ్నం 1:40

అక్కా, ఊటల సంగతి మా అమ్మ కూడా అంటుంది. కొండ కింది ఊళ్ళలో పాత ఊటలు కొన్ని ఎండాయని. నేను దాన్ని కాదనను. కానీ తవ్విన చోట మళ్ళీ మట్టి పరిచి మొక్కలు నాటడం కూడా కళ్ళారా చూశాను. ఆ మొక్కలు పాత కొండలా నీరు పడతాయా అంటే నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగాలు మాత్రం అబద్ధం కాదు.

కిమిడి ఇల్లాలు (పర్లాకిమిడి), సోమవారం సాయంత్రం 5:50

భాష మాట వచ్చింది కాబట్టి నేను కలగజేసుకుంటున్నాను. సవర భాష మాత్రం వేరే కుటుంబం, ముండా. దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మొదటి మనిషి మా ఊరి బడిపంతులు, గిడుగు రామమూర్తిగారు. కొండల్లో సవరల వెంట తిరిగి, మన్యపు జ్వరం తెచ్చుకుని, క్వినైను వాడీ వాడీ చెవుడు వచ్చింది ఆయనకి. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయింది. వాడుక తెలుగు కోసం ఆయన అంత పట్టు పట్టడం వెనక ఈ కొండలు లేవని నేను అనుకోను. రాత లేని భాష ఎంత నిండుగా ఉంటుందో సవరల దగ్గర విన్న మనిషి, మాట్లాడే తెలుగుని తక్కువ చేయగలడా? ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, దండలు వేసేవాళ్ళు ఒక్కసారి మా ఊరు వచ్చి ఆ కొండ చూడాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు, మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం అటు. మా అత్తగారి పుట్టిల్లు అటే. పొద్దున్న కూర పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చేంత దూరం. కోరాపుట్ వాళ్ళదీ అంతే, అంతకు ముందు విశాఖ జిల్లాలోనే ఉండేవారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చింది ఆ తర్వాత కూడా ఆగలేదు. గీత మ్యాపు మీద పడింది గానీ వాగుల మీద పడలేదు.

బాబూ, మహేంద్రగిరి ఎక్కారా లేదా? దాని గురించి రాయలేదేం?

నాగావళి ఒడ్డు (రాయగడ), సోమవారం రాత్రి 9:45

ఎక్కానండీ. చివరికి దాచుకున్నాను. గుణుపురం మీదుగా మీ ఊరు వచ్చి, అక్కడ రాత్రి ఉండి, మర్నాడు కొండ మీదకి వెళ్ళాను.

భీముడి గుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. చిన్న గుడి. కానీ ఒక్కో రాయి ఎంతుందో! సున్నం లేదు, రాయి మీద రాయి. కుంతి గుడి అని మనం అనే గోకర్ణేశ్వరుడి గుడి కింద వైపు ఉంది. కళింగాన్ని ఏలిన గాంగుల రాగిశాసనాల్లో చాలావాటిలో మొదటే మహేంద్రగిరి గోకర్ణస్వామికి మొక్కు ఉంటుంది. వాళ్ళ కళింగనగరం వంశధార ఒడ్డున, ఇప్పటి ముఖలింగం. రాజ్యం నది ఒడ్డున, దేవుడు కొండ మీద. రాజేంద్రచోళుడి సైన్యం ఇంత దూరం వచ్చి శాసనం చెక్కించిందీ ఈ కొండ మీదే. కళింగాన్ని గెలిచామని చెప్పాలంటే ఇక్కడ చెప్పాలని వాళ్ళకీ తెలుసు.

మబ్బు విడినప్పుడు తూర్పున ఒక వెండి గీత కనిపించింది. సముద్రం. పక్కనే కూర్చున్న ఒక సవర పెద్దాయన, శివరాత్రికి మందస వైపు నుంచి కూడా జనం ఎక్కుతారని, అటువాళ్ళు తెలుగులో పాడతారు, ఇటువాళ్ళు ఒడియాలో పాడతారు, తాము సవరలో పాడతామని చెప్పారు. ఆయనకి మూడూ వచ్చు. నా జేబులో రాయి తీసి చూపించాను. తిప్పి చూసి, ఇవి కిందకి కొట్టుకుపోతాయి, సముద్రం దగ్గర ఇసకలో ఎర్రగా కనిపించేవి ఇవే అన్నారు. మాస్టారూ, ఇది నిజమేనా?

జయపురం మాస్టారు, సోమవారం రాత్రి 10:30

నూటికి నూరుపాళ్ళు నిజం. కాలేజీలో ఒక టర్ము పట్టే పాఠం ఆయన ఒక్క ముక్కలో చెప్పారు. ఛత్రపురం దగ్గరా, ఇటు భావనపాడు, కళింగపట్నం తీరంలోనూ నల్లగా, ఎర్రగా చారలు కట్టే ఇసక ఈ కొండలు అరిగి వచ్చిందే. ఎర్రవి గార్నెట్లు, నల్లవి ఇల్మనైట్. ఛత్రపురంలో దాన్ని వేరు చేసే ప్రభుత్వ కర్మాగారమే ఉంది. నేను పిల్లలకి ఆ ఇసక చూపించి, గట్టి అయస్కాంతం పెట్టి నల్ల రేణువుల్ని పైకి లాగి చూపించేవాడిని. రిటైరయ్యేటప్పుడు ఆ సీసా కాలేజీలోనే వదిలేసి వచ్చాను. ఇప్పుడు మనవరాలికి చూపించాలని ఉంది.

ఘాటీ డ్రైవర్ (సెమిలిగుడ), మంగళవారం ఉదయం 5:55

మాస్టారూ, గురువారం నాకు టెక్కలి లోడు ఉంది. భావనపాడు అక్కడికి దగ్గరే. ఒక మంచినీళ్ళ సీసా నిండా పట్టుకొస్తాను. శనివారం జయపురం బస్టాండు దగ్గర ఇస్తాను, రండి. సుంకి మలుపు రాయి కూడా ఒకటి తెస్తాను, పక్కపక్కన పెట్టి చూపించండి పాపకి.